ఎల్బీనగర్ పిట్టల బాట

సరూర్‌నగర్ చెరువు, నాగోలు దగ్గర మూసీ, ఆటోనగర్ పక్కన హరిణ వనస్థలి. మనకు ఇవి మూడు వేర్వేరు చోట్లు. పక్షులకు అన్నీ కలిసి ఒకే ఆశ్రయం. ఆదివారం పొద్దున్నే దుర్భిణి మెడలో వేసుకుని బయల్దేరే బృందాలు ఆ ఆశ్రయం లెక్కలు రాస్తున్నాయి.

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి పడమరకు వెళ్తే దిల్‌సుఖ్‌నగర్, ఉత్తరానికి నాగోలు మీదుగా ఉప్పల్, దక్షిణానికి సాగర్ రోడ్డు, తూర్పుకు విజయవాడ హైవే. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, ఆ పైన కోస్తా జిల్లాల నుంచి రాత్రి బస్సుల్లో వచ్చేవాళ్లు కళ్లు నులుముకుంటూ దిగేది ఇక్కడే. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి మెట్రో ఇక్కడిదాకా వచ్చింది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, ఒకదాని మీద ఒకటి లేచిన ఫ్లైఓవర్లు... ఈ ప్రాంతం పేరెత్తితే ఎవరికైనా ఇవే గుర్తొస్తాయి.

పక్షులను చూడాలంటే మనవాళ్లు నేలపట్టు వెళ్తారు, కొల్లేరు వెళ్తారు. పులికాట్‌లో రాజహంసలు దిగాయంటే సూళ్లూరుపేట బస్సెక్కుతారు. అక్కడ పేరున్న సరస్సు ఉంటుంది, అటవీ శాఖ బోర్డు ఉంటుంది, చూడటానికి కట్టిన మంచె ఉంటుంది. తూర్పు హైదరాబాద్‌లో అన్నీ ఒకచోట కుదిరిన నెలవు లేదు. కంచె ఉన్న చోట నీళ్లు తక్కువ. నీళ్లున్న చోట కంచె లేదు. అయినా పక్షులు ఏటా వస్తున్నాయి, ఉంటున్నాయి, పిల్లలను పెంచుతున్నాయి. అవి ఈ మూడు చోట్లనూ కలుపుకుని బతుకుతున్నాయి కాబట్టే అది సాధ్యమవుతోంది. వాటిని చూడాలన్నా, కాపాడాలన్నా మనమూ మూడింటినీ కలిపే చూడాలి.

కంచె లోపల

మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానం విజయవాడ హైవే మీదే ఉంది. లారీల మరమ్మతు షెడ్లు, టైర్ల దుకాణాలు నిండిన ఆటోనగర్ పక్కన దాని గేటు. ఒకప్పుడు నిజాం కుటుంబం వేటాడిన నేల ఇది. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం జ్ఞాపకంగా 1975లో ఆయన పేరుతో కృష్ణజింకల వనంగా మారింది. 1994లో జాతీయ ఉద్యానం హోదా వచ్చింది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు, అంటే మూడువేల ఆరువందల ఎకరాల పైచిలుకు. చుట్టూ వనస్థలిపురం, హయత్‌నగర్ కాలనీలు కమ్ముకొచ్చినా ఆ గోడ లోపల పాత దక్కను నేల అలాగే మిగిలింది.

పచ్చని అడవిని ఊహించుకుని వెళ్లినవాళ్లకు మొదట ఇక్కడ పొదలు, గడ్డి, బండరాళ్లే కనిపిస్తాయి. తంగేడు, రేల, మోదుగ, సీతాఫలం, అక్కడక్కడా చందనం చెట్లు. నేల మీద బతికే పక్షులకు కావలసింది సరిగ్గా ఇలాంటి చోటే. కౌజు పిట్టలు తెల్లారుతుండగానే కేకలు మొదలుపెడతాయి. పూరేడు అడుగు దగ్గరికి వచ్చేదాకా కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా రెక్కలు టపటపలాడిస్తూ లేస్తుంది. నెమళ్లు దారికి అడ్డంగా నడిచిపోతాయి. తీతువు పిట్ట గడ్డిలో రాళ్ల మధ్య గుడ్లు పెట్టి, మనిషి అలికిడి వినగానే ఆకాశమంతా అరుస్తూ తిరుగుతుంది. చలికాలంలో గడ్డి మీద తక్కువ ఎత్తున తేలుతూ వేటాడే హారియర్ గద్దలు ఉత్తర దేశాల నుంచి వచ్చి చేరతాయి. కృష్ణజింకలు మేసి గడ్డిని పొట్టిగా ఉంచడం వల్ల నేల మీద పురుగులు ఏరుకునే భరద్వాజ పక్షులకు తిండి సులువుగా దొరుకుతుంది. జింకా, గడ్డీ, పిట్టా ఇక్కడ ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయి.

వానాకాలం తర్వాత లోపలి కుంటల్లో నీళ్లు నిలుస్తాయి. అప్పుడు మునుగుడు కోళ్లు, ముక్కు చివర పసుపు చుక్క ఉండే స్పాట్‌బిల్ బాతులు, గుడ్డికొంగలు అక్కడ మకాం వేస్తాయి. అయితే ఈ కుంటలు చిన్నవి, వాననీళ్ల మీదే ఆధారపడ్డవి. ఎండలు ముదిరే కొద్దీ కుదించుకుపోతాయి. జింకల కోసం అటవీ సిబ్బంది తొట్లలో నీళ్లు నింపుతారు కానీ ఈదే పక్షికి తొట్టి చాలదు. అది రెక్కలు విప్పి పడమరకో ఉత్తరానికో పోవాలి.

కంచె లేని నీళ్లు

పడమరకు పోతే సరూర్‌నగర్ చెరువు. పదిహేడో శతాబ్దంలో సాగునీటికి కట్టిన ఈ చెరువు ఇప్పుడు సుమారు 99 ఎకరాల్లో ఉంది. దాని కింద వరి పండిన రోజులు ఈ పరిసరాల్లో పెద్దవయసువాళ్లకు ఇంకా జ్ఞాపకమే. పొలాలు పోయి కాలనీలు వచ్చాయి. కాలువల్లో మురుగు పారడం మొదలైంది. 2003-04లో పూడిక తీసి, కట్టను బాగుచేసి, నడకదారి వేశారు. వినాయక నిమజ్జనాలకూ, బతుకమ్మకూ చుట్టుపక్కల వాళ్లందరికీ ఇదే చెరువు.

సరూర్‌నగర్ ఒంటరి చెరువు కాదు. ఎగువన మీర్‌పేట, జిల్లెలగూడ వైపు చెరువులున్నాయి, మంత్రాల చెరువు వాటిలో ఒకటి. అవి నిండి పారితే నీళ్లు సరూర్‌నగర్‌లోకి దిగుతాయి. ఇక్కడ మత్తడి దుంకితే చైతన్యపురి వైపు నాలా పట్టి మూసీలో కలుస్తాయి. కాకతీయుల కాలం నుంచి తెలంగాణ నేర్చుకున్న గొలుసుకట్టు పద్ధతి ఇదే. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. 2020 అక్టోబరు కుండపోతకు సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ఆ గొలుసు నగరానికి మళ్లీ కనిపించింది. పక్షులకు అది ఏనాడూ కనిపించకుండా పోలేదు. ఒక చెరువులో నీరు లోతైతే కొంగ పై చెరువుకు పోతుంది. అక్కడ బురద ఎండితే కిందికి వస్తుంది.

గొలుసు చివర మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టి సుమారు 240 కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇది. నగరం ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టాక నగరం మధ్య మూసీలో పారేది ఎక్కువగా నగరం వదిలిన నీరే. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రాలున్నాయి. శుద్ధి కాని మురుగు కూడా కలుస్తూనే ఉంది. అందువల్ల నాగోలు వంతెన దాటాక మూసీ మండువేసవిలో కూడా ఎండదు. ఉప్పల్, పీర్జాదిగూడ వైపు ఆ నీటితో పశువుల కోసం పారాగడ్డి పెంచుతారు. మడుల్లో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది.

ఆ చెమ్మే పక్షులను పిలుస్తుంది. మురుగు బురదలో పెరిగే ఎర్రటి పురుగులు బురదపిట్టలకు మంచి మేత. పొడవాటి గులాబి రంగు కాళ్లతో నల్లరెక్కల స్టిల్ట్‌లు వరస కట్టి బురద కెలుకుతుంటాయి. గడ్డి కోసేవాళ్ల వెనకాలే తెల్లకొంగలు నడుస్తాయి. యూరప్, సైబీరియా ఉత్తర భాగాల్లో గుడ్లు పెట్టే ఉల్లంకి పిట్టలు, తోక ఆపకుండా ఊపే వాగ్‌టెయిల్‌లు ఈ మడుల మీదే చలికాలం గడుపుతాయి. మన పండగల లెక్కలో చెప్పాలంటే బతుకమ్మ రోజుల్లో మొదటి వలస పిట్టలు దిగుతాయి, సంక్రాంతికి నిండుగా ఉంటాయి, ఉగాది దాటేసరికి చాలావరకు వెళ్లిపోతాయి.

నడక

చలికాలం ఆదివారం ఆరు దాటగానే బృందం కలుస్తుంది. దుర్భిణి ఉన్నవాళ్లు సగం మందే. మిగతావాళ్లు ఒకరిది ఒకరు అడిగి చూస్తారు. ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకునే యువత, అమ్మానాన్నల వెంట వచ్చిన పిల్లలు ఉంటారు. హరిణ వనస్థలిలో అయితే అటవీ శాఖ అనుమతి తీసుకుని వాళ్లు చూపిన దారిలోనే నడవాలి. చెరువు కట్ట మీద అయితే వాకింగ్‌కు వచ్చేవాళ్ల మధ్యే పక్కకు ఒదిగి నిలబడాలి.

మొదటి పాఠం బట్టల గురించి. తెలుపు, ఎరుపు వద్దు. మట్టి రంగు, ఆకు రంగు మేలు. రెండో పాఠం సూర్యుడి గురించి. వెలుగు మన వీపు మీద పడాలి, అప్పుడే పక్షి రంగు తెలుస్తుంది. ఎదురుగా పడితే అన్నీ నల్లగానే కనిపిస్తాయి. మూడో పాఠం కళ్ల గురించి. ముందు పక్షిని ఉత్తి కళ్లతో పట్టుకోవాలి. చూపు దాని మీద నుంచి తీయకుండా దుర్భిణిని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. దుర్భిణి పెట్టుకుని ఆకాశమంతా వెతికితే ఏదీ దొరకదు. దుర్భిణి మీద ఉండే 8 ఇంటూ 42 అనే అంకెల్లో మొదటిది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందరి అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. కొత్తవాళ్లకు ఈ కొలత సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ రెట్లు చూపించేవి చేతిలో వణుకుతాయి.

పక్షిని గుర్తుపట్టేటప్పుడు మొదట దాని సైజు అడుగుతారు. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తర్వాత ముక్కు. ఆ తర్వాత నడక, ఎగిరే తీరు. రంగు చివర వస్తుంది, ఎందుకంటే వెలుగును బట్టి రంగు మోసం చేస్తుంది. ప్రతి నడకలోనూ ఇలాంటి మాటలు వినిపిస్తాయి:

"అంకుల్, అది బాతా?"

"ఈదుతోంది కదా అని బాతనుకోకమ్మా. ముక్కు చూడు. బాతుకు చప్పిడి ముక్కుంటుంది. దీనికెలా ఉంది?"

"సన్నగా, కోడి ముక్కులా ఉంది. తెల్లగా ఉంది. నుదురు కూడా తెల్లగానే ఉంది."

"అయితే అది బొల్లికోడి. ఇక నువ్వు ఏ చెరువులో చూసినా గుర్తుపడతావు."

బృందంలో ఒకరు రాస్తుంటారు. ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎంత దూరం నడిచారు, ఏ జాతివి ఎన్ని కనిపించాయి. గుంపుగా ఉన్న పక్షులను లెక్కించడానికి ఒక పద్ధతి ఉంది. ముందు పది పక్షులు ఎంత జాగాలో ఉన్నాయో కంటితో కొలుచుకుంటారు. ఆ కొలత గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూస్తారు. ఇద్దరు ముగ్గురు విడివిడిగా లెక్కపెట్టి సరిపోల్చుకుంటారు. కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఇప్పుడు చాలామంది ఫోన్లలో ఉంది. అది చెప్పిన పేరును వెతకడానికి ఆధారంగా తీసుకుంటారు, కంటితో చూశాకే జాబితాలో రాస్తారు. నడక చివర అందరూ గుండ్రంగా నిలబడి జాబితా చదువుతారు. ఎవరికైనా అనుమానం ఉంటే అక్కడే చెప్పాలి. తేలకపోతే ఆ పక్షి పేరు రాయరు. తర్వాత ఆ జాబితా ఈ-బర్డ్ అనే అంతర్జాతీయ సమాచార నిధిలోకి చేరుతుంది.

కొన్ని నియమాలకు మినహాయింపు ఉండదు. పక్షిని బయటికి రప్పించడానికి ఫోన్‌లో కూత వినిపించకూడదు. గూడు దగ్గరికి పోకూడదు, గూడు ఎక్కడుందో బయట చెప్పకూడదు. తింటున్న పక్షి తల ఎత్తి మనవైపు చూసిందంటే అదే మన హద్దు, అక్కడే ఆగాలి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షికి తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కావాలి. మనం లేపిన ప్రతిసారీ అది ఆ కొవ్వును ఖర్చు చేస్తుంది.

జాబితా ఏం చెబుతుంది

ఎన్ని రకాలు కనిపించాయన్నది కొత్తవాళ్లు అడిగే ప్రశ్న. అనుభవం ఉన్నవాళ్లు ఏ రకాలు కనిపించాయో చూస్తారు. ఎందుకంటే పక్షుల పేర్లను బట్టి నీటి సంగతి తెలిసిపోతుంది.

నలుపు తెలుపు లకుముకి పిట్ట గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, నీళ్లలో చేప కనబడగానే సూటిగా దూకుతుంది. దానికి చేప కనిపించాలి, అంటే నీరు కాస్త తేటగా ఉండాలి. మునిగి చేపలు పట్టే నీటికాకికీ, మునుగుడు కోడికీ నీళ్లు తెరిపిగా ఉండాలి. చెరువును గుర్రపుడెక్క కప్పేస్తే ఇవి తగ్గిపోతాయి. ఆ ఆకుల మీద నడవగలిగే జకానాలూ, ఊదా రంగు నీటికోళ్లూ, అంచున నిలబడి కాచుకునే గుడ్డికొంగలూ పెరుగుతాయి. మూసీ బురదలో స్టిల్ట్‌లు వందల్లో కనిపిస్తున్నాయంటే అక్కడ పురుగులు బాగా ఉన్నాయని అర్థం, నీరు శుభ్రంగా ఉందని కాదు. పక్షులు ఉన్నాయి కాబట్టి నీరు బాగానే ఉందనుకోవడం ప్రమాదం. నీటిలో ఆక్సిజన్ పడిపోయి వేడెక్కినప్పుడు బురదలో బొటులిజం విషం పుట్టవచ్చు. 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో వేల పక్షులు ఆ విషంతోనే చచ్చిపోయాయి.

అందుకే ఒక్కనాటి జాబితా కన్నా ఒకే చోట నెలనెలా, ఏళ్ల తరబడి రాసిన జాబితాలు విలువైనవి. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి సాగుతున్నది ఈ నమ్మకంతోనే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది. దానికి చెరువు దాకా వెళ్లనక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేడ మీద పదిహేను నిమిషాలు నిలబడి కాకులు, పావురాలు, గద్దలు, గోరింకలు లెక్కపెట్టి పంపినా అది లెక్కలోకి వస్తుంది.

తొంభై ఏళ్ల వారసత్వం

హైదరాబాద్‌కు పక్షుల లెక్క కొత్త కాదు. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆ ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో భాగాలుగా వచ్చాయి. 1980లో అటవీ అధికారి పుష్ప్ కుమార్, మరికొందరు పక్షి ప్రేమికులు కలిసి బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ స్థాపించారు. 'పిట్ట' అనే చిన్న పత్రిక దాని నుంచే వచ్చింది. సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ 1989లో ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితా ప్రచురించారు. ఆ సొసైటీ ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో కొనసాగుతోంది. తర్వాత వచ్చిన హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ వారాంతపు నడకలతో మరింతమంది యువతను చెరువుల దగ్గరికి తెచ్చింది.

ఈ రాతలన్నీ ఎక్కడికి పోతాయన్న ప్రశ్నకు 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక జవాబు. దాదాపు ముప్పై వేల మంది మామూలు మనుషులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనల మీద అది నిలబడింది. 942 జాతులను పరిశీలించింది. దీర్ఘకాలపు మార్పును తేల్చడానికి చాలినంత సమాచారం ఉన్న 338 జాతుల్లో 204 తగ్గుతున్నాయని చెప్పింది.

ఆ నివేదికలో మన గుండెకు దగ్గరి పేరొకటి ఉంది. పాలపిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి. పన్నెండేళ్లలో అది దేశంలో 30 శాతం దాకా తగ్గింది. దసరా రోజు జమ్మి పూజ తర్వాత పాలపిట్టను చూడటం మనకు శుభం. ఒకప్పుడు ఊరి చివర చేలకు వెళ్తే కరెంటు తీగ మీద కనిపించేది. నగరంలో చేలు లేక, కొందరు పట్టి పంజరంలో పెట్టి వీధుల్లో చూపించి డబ్బులు తీసుకోవడం మొదలైంది. రెక్కలు కట్టేసిన పిట్టలు చాలావరకు ఆ తర్వాత బతకవు. వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులు పాలపిట్ట దర్శనానికి పంజరం దగ్గర ఆగాల్సిన పని లేదు. హరిణ వనస్థలి గడ్డి మైదానాల్లో అది స్వేచ్ఛగా తిరుగుతుంది. నీలి రెక్కలు విప్పి ఎగిరే పిట్టను చూడటమే పండగకు తగిన దర్శనం.

రాసిపెట్టిన మాటకు ఎంత బలముందో తెలుగు నేలకు కలివి కోడి చూపించింది. జెర్డన్ కనుగొనగా 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ మొదట వర్ణించిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం పరిసరాల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ స్థానికుల సాయంతో దాన్ని మళ్లీ కనుగొన్నారు. అది అక్కడుందని రుజువు కావడంతో తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఆ పొదల అడవి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైంది. ఒక కాలువ పక్కకు జరిగిందంటే దాని వెనక ఉన్నది ఒక పక్షి, దాన్ని చూసిన కళ్లు, ఆ చూపును నమోదు చేసిన కాగితం.

అంచు పోతే చెరువు పోయినట్టే

ఈ పక్కన చెరువులకు కబ్జా ఒక ముప్పు. మంచి మనసుతోనే చేస్తున్న సుందరీకరణ ఇంకో ముప్పు. చెరువు చుట్టూ నిటారుగా రాతి గోడ కట్టి, లోపల లోతుగా తవ్వి, కట్ట మీద రాత్రంతా లైట్లు పెడితే మనకు బాగుంటుంది. పక్షికి కావలసింది అంచు. ఉల్లంకికి చీలమండ లోతు నీళ్లు, స్టిల్ట్‌కు జానెడు, పెద్ద కొంగకు మోకాటి లోతు. బాతులకు తల ముంచితే అడుగు అందాలి. చెరువు అంచు వాలుగా ఉంటే ఈ లోతులన్నీ పక్కపక్కనే దొరుకుతాయి. నీరు తగ్గే కొద్దీ కొత్త బురద బయటపడి మేత పెరుగుతుంది. శిఖం భూమి అని మన పెద్దలు పేరు పెట్టి వదిలేసింది ఆ వాలునే. నిటారు గోడ కడితే అన్ని లోతులూ పోయి ఒక్క లోతే మిగులుతుంది. తుంగ, జమ్ము లేకపోతే గూడు కట్టే చోటు కూడా పోతుంది.

పూర్తి నీటిమట్టం దాటాక 25 ఎకరాలకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీగా వదలాలని నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలనుకున్న ప్రభుత్వానికి చెరువు విలువ తెలియదనలేం. 2016లో అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో నగరంలోని ఒక చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. పడమటి శివారులో సాధ్యమైనది తూర్పున కూడా సాధ్యమే. ఇక్కడ గుర్తింపు ఒక్క చెరువుకు ఇస్తే చాలదు. మీర్‌పేట చెరువుల నుంచి నాగోలు మూసీ దాకా గొలుసు మొత్తానికీ కావాలి. ఎగువ చెరువులోకి మురుగు వస్తూ ఉండగా దిగువ చెరువును ఎన్నిసార్లు శుభ్రం చేసినా అది మళ్లీ పాడవుతుంది.

వెళ్లాలనుకుంటే

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తెల్లారిన మొదటి రెండు గంటలే పక్షులు ఎక్కువగా కదిలే సమయం. సరూర్‌నగర్ చెరువుకు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మెట్రో స్టేషన్ల నుంచి ఆటోలో వెళ్లొచ్చు. హరిణ వనస్థలికి ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ వైపు వెళ్లే బస్సెక్కి ఆటోనగర్‌లో దిగాలి. నడక బృందంతో వెళ్తే అనుమతి సంగతి వాళ్లే చూసుకుంటారు. మూసీ తీరానికి ఒంటరిగా వెళ్లొద్దు. బురద లోతు తెలియదు, నీరు ఒంటికి మంచిది కాదు. నాగోలు వంతెన మీద నుంచి, తీరం రోడ్ల మీద నుంచి చూడండి. గడ్డి మడుల్లో పనిచేసేవాళ్లను పలకరించండి. ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో వాళ్లకు తెలిసినంత పుస్తకాలకు తెలియదు. ఒక చిన్న నోటు పుస్తకం, నీళ్ల సీసా, టోపీ చాలు. దుర్భిణి తర్వాత కొనుక్కోవచ్చు.

రాసేవాళ్లు కావాలి

హరిణ వనస్థలికి గోడ ఉంది, చట్టం ఉంది, కాపలా ఉంది. సరూర్‌నగర్ చెరువుకూ, మీర్‌పేట చెరువులకూ, మూసీకీ ఇప్పటికిప్పుడు అవేవీ రావు. అయినా కంచె లోపలి పక్షి బతకాలంటే కంచె బయటి నీళ్లు కావాలి. బయటి నీళ్లు పోయిన నాడు లోపలి కుంట ఎండగానే మునుగుడు కోడికి పోయే దారి ఉండదు. అందుకే ఈ మూడింటినీ వేర్వేరు శాఖల, వేర్వేరు ఫైళ్ల కింద కాకుండా ఒకే నెలవుగా చూడమని అడగాలి. ప్రతి చెరువులో ఒక పక్కనైనా వాలు అంచును, తుంగను, చీకటిని వదలమని అడగాలి.

అడగడానికి ఆధారం ఉండాలి. ఏ చెరువులో ఏ నెల ఏ పక్షులు ఎన్ని ఉన్నాయో పదేళ్ల లెక్క చేతిలో ఉన్న కాలనీ సంఘం మాటను ఏ అధికారీ తేలిగ్గా తీసిపారేయలేరు. కొత్తపేట, చైతన్యపురి, నాగోలు, వనస్థలిపురం, మీర్‌పేట... ఒక్కో కాలనీ తన దగ్గరి చెరువును నెలకు ఒక్క ఆదివారం చూసి రాస్తే చాలు. ఒక బడి ఒక కుంటను దత్తత తీసుకుంటే చాలు. ఇప్పుడు ఆ పని కొద్దిమంది చేస్తున్నారు. ఈ ప్రాంతంలో లక్షల మంది ఉంటున్నాం. ఈ శీతాకాలమే మనమూ ఆ కొద్దిమందితో కలిసి నడుద్దాం, మన చెరువు పేరు మీద మొదటి జాబితా మనమే రాద్దాం.